వికటకవి సంఖ్యల్లో ప్రధానాలు: వరస ఉన్నదెక్కడ, లేనిదెక్కడ

మాస్టారూ, ముందు మీరు అడిగినవి ఒకచోట పెడతాను. గాజువాకలో మీ బడి గణిత ప్రదర్శనకు తొమ్మిదో తరగతి పిల్లలు పాలిండ్రోమ్ ప్రధాన సంఖ్యల మీద, అంటే అటు నుంచీ ఇటు నుంచీ ఒకేలా చదివే ప్రధాన సంఖ్యల మీద, చార్టు వేస్తున్నారు. మూడంకెలవీ అయిదంకెలవీ దొరుకుతున్నాయి గానీ నాలుగంకెలవి, ఆరంకెలవి ఒక్కటీ దొరకడం లేదు, ఎందుకని? మధ్య అంకెలో ఏదో వరస ఉన్నట్టు కనిపిస్తోంది, దానికి సూత్రం ఉందా? తొమ్మిదంకెల దాకా జాబితా తీయడానికి ఒక కుర్రాడు రాసిన పైథాన్ ప్రోగ్రాం అరగంట నడిచినా తేలడం లేదు, ఏం చేయాలి?

ఫలానా పాలిండ్రోమ్ ప్రధాన సంఖ్య అవుతుందని ముందే చెప్పే సూత్రం లేదు. ఏది కాదో చెప్పే సూత్రాలు మాత్రం బోలెడున్నాయి. పిల్లలకు కనిపించిన వరస నిజమైనదే, కాకపోతే అది ప్రధానం కాదని కొట్టేసిన సంఖ్యల వరస. మిగిలినవి ఆ గీతల మధ్య సందుల్లో నిలబడ్డవి, అంతే. అందుకే చార్టు మీద ప్రధాన సంఖ్యలకు రంగు వేయడం మానేసి, కొట్టేసిన వాటికి రంగులు వేయించండి. వరసలు వాటంతటవే కనబడతాయి.

మొదట సరి అంకెల సంగతి. నాలుగంకెల పాలిండ్రోమ్‌లో మొదటి అంకె వెయ్యిలోనూ ఒకట్లలోనూ వస్తుంది, అంటే దాని బరువు 1001. రెండో అంకె వందల్లోనూ పదుల్లోనూ వస్తుంది, దాని బరువు 110. 1001 అంటే 7 × 11 × 13. 110 అంటే 11 × 10. రెండు బరువుల్లోనూ 11 ఉంది కాబట్టి మొత్తం సంఖ్యలోనూ 11 ఉండి తీరుతుంది. ఆరంకెలకు బరువులు 100001, 10010, 1100. ఇవి వరసగా 11 × 9091, 11 × 910, 11 × 100. ఎనిమిదంకెలైనా ఇరవై అంకెలైనా ఇదే కథ, ఎందుకంటే 10ని 11తో భాగిస్తే శేషాన్ని −1గా తీసుకోవచ్చు. సరి సంఖ్యలో అంకెలుంటే, ఒకదానికొకటి అద్దంలా ఉన్న రెండు స్థానాల్లో ఒకటి +1, మరొకటి −1 శేషం ఇచ్చి చెల్లుకు చెల్లవుతాయి. 11 ఒక్కటే దీన్ని తప్పించుకుంది, అదే 11 కాబట్టి.

పిల్లలకు ఇది ఊళ్ళో తిరిగే బళ్ళ మీదే చూపించొచ్చు. ఏపీ 31 అయినా తర్వాత వచ్చిన ఏపీ 39 అయినా పలక మీద చివర నాలుగంకెలే. 1221, 3773, 9559 లాంటి ఫ్యాన్సీ నంబరు కోసం ఎంత పోసినా వచ్చేది 11 గుణిజమే. పిన్‌కోడ్లూ అంతే. 530తో మొదలై అటూ ఇటూ ఒకేలా చదవాలంటే 530035 ఒక్కటే కుదురుతుంది. అది 11 × 48185, పైగా 5తో ముగుస్తోంది. రైలు నంబర్లు అయిదంకెలు కాబట్టి వాటికి అవకాశం ఉంది. హైదరాబాద్ నుంచి నిజాముద్దీన్ వెళ్ళే దక్షిణ్ ఎక్స్‌ప్రెస్ 12721, అచ్చమైన పాలిండ్రోమ్ ప్రధాన సంఖ్య. మన గోదావరి ఎక్స్‌ప్రెస్ 12727 దానికి ఆరు అడుగుల దూరంలో ఉండి కూడా రెండూ కాలేదు. అది 11 × 13 × 89.

ఇక్కడే ఒక హెచ్చరిక. 12345678910987654321 అనే ఇరవై అంకెల సంఖ్యను పాలిండ్రోమ్ ప్రధాన సంఖ్య అంటూ తరచు పంపుకుంటారు. అది ప్రధాన సంఖ్యే గానీ పాలిండ్రోమ్ కాదు. నడుమ ఉన్న 10ని ఒకే అంకెలా చదివితే అలా అనిపిస్తుంది. వెనక నుంచి అంకె అంకెగా చదివితే ఆ చోట 01 వస్తుంది. ఇరవై అంకెల పాలిండ్రోమ్ అయ్యుంటే 11తో ఎప్పుడో పోయేది. 13, 31 లాంటి జతలను కూడా చార్టులోకి రానివ్వకండి. తిప్పితే వేరే ప్రధాన సంఖ్య వచ్చేవి వేరే కుటుంబం.

మొదటి అంకె విషయం ఒక్క మాటలో తేలిపోతుంది. మొదటిదే చివరిది కూడా కాబట్టి 1, 3, 7, 9 తప్ప ఇంకేదీ పనికిరాదు. ఒక్క అంకె ఉన్న 2, 5 మాత్రం దీనికి మినహాయింపు.

ఇక అసలు సరుకు. సంకేతాలకు ఎక్కడో వెతకనక్కర్లేదు, తెనాలి రామకృష్ణుడి బిరుదు మనకుంది. వి-క-ట-క-వి అంటే అయిదంకెల పాలిండ్రోమ్ అచ్చు. మొదటి అంకె వి, రెండోది క, నడిమిది ట. మూడంకెలకు న-ట-న సరిపోతుంది.

మూడంకెలతో మొదలుపెట్టండి, బోర్డు మీద పది నిమిషాల పని. నటన విలువ 101 × న + 10 × ట. దీన్ని 91 × న + 10 × (న + ట) అని విడగొట్టండి. 91 అంటే 7 × 13. కాబట్టి న + ట మొత్తం 7తో భాగింపబడితే సంఖ్య 7తో పోతుంది, 13తో భాగింపబడితే 13తో పోతుంది. 161 చూడండి: 1 + 6 = 7, సంఖ్య 7 × 23. 767లో 7 + 6 = 13, సంఖ్య 13 × 59. 11కి పరీక్ష: రెండు న లోంచి ట తీసేస్తే 0 గానీ 11 గానీ రావాలి. 3కి అంకెల మొత్తం చాలు.

ఈ నాలుగు పరీక్షలనూ 1, 3, 7, 9తో మొదలయ్యే 40 సంఖ్యల మీద నడిపించండి. 1 వరసలో 101, 131, 151, 181, 191 మిగులుతాయి. 3 వరసలో 313, 323, 353, 373, 383. 7 వరసలో 727, 757, 787, 797. 9 వరసలో 919, 929, 989. మొత్తం 17. అందులో 323 = 17 × 19, 989 = 23 × 43 అని రెండు దొంగలు. మిగతా 15 ప్రధాన సంఖ్యలు, మూడంకెల పాలిండ్రోమ్ ప్రధానాలు సరిగ్గా అన్నే. ఎక్కాలు వచ్చిన పిల్లవాడు కాగితం కూడా లేకుండా తేల్చగలిగినది ఇది. 353 ఎందుకు ప్రధానం అని అడిగితే 7తో 13తో భాగించి చూడనక్కర్లేదు, 5 + 3 ఎంతో చెప్తే సగం జవాబు వచ్చేసినట్టే.

అయిదంకెలకు వస్తే బరువులు వి కి 10001, క కి 1010, ట కి 100. వీటిని మళ్ళీ 91తో సరిచూడండి. 10001 అంటే 91 × 110 − 9. 1010 అంటే 91 × 11 + 9. 100 అంటే 91 + 9. మూడు చోట్లా 9 వచ్చింది, మొదటి దానికి మాత్రం గుర్తు మారింది. అంటే వికటకవి సంఖ్యను 91తో భాగించినప్పటి శేషమంతా 9 × (క + ట − వి) లోనే ఉంది. 9కి 7తో గానీ 13తో గానీ ఉమ్మడి కారణాంకం లేదు కనుక, క + ట − వి ని 7 భాగిస్తే సంఖ్య 7 గుణిజం, 13 భాగిస్తే 13 గుణిజం, సున్నా వస్తే రెండింటికీ గుణిజం. 12621లో 2 + 6 − 1 = 7, సంఖ్య 7 × 1803. 17771లో 7 + 7 − 1 = 13, సంఖ్య 13 × 1367. 90909లో 0 + 9 − 9 = 0, సంఖ్య 91 × 999. ఏడో ఎక్కంతో కుస్తీ పట్టే పిల్లలకు ఇంతకంటే తేలికైన 7 పరీక్ష దొరకదు. మామూలు సంఖ్యలకు 7 పరీక్ష చిరాకుగా ఉంటుంది, పాలిండ్రోమ్‌కు మాత్రం కూడిక, తీసివేత చాలు.

11 పరీక్ష: 2 × వి − 2 × క + ట ను 11 భాగించాలి. 12221లో 2 − 4 + 2 = 0, సంఖ్య 11 × 1111.

ఇంకొకటి ఉంది, మీ పిల్లలు మధ్య అంకెలో చూసిన వరస బహుశా ఇదే. 101ని మూడంకెల పాలిండ్రోమ్‌తో గుణిస్తే, మొదటి అంకె 4 లేదా అంతకంటే చిన్నదైతే, అయిదంకెల పాలిండ్రోమ్ వస్తుంది, దాని నడిమి అంకె మొదటి అంకెకు రెట్టింపు. 101 × 131 = 13231. 101 × 151 = 15251. 101 × 353 = 35653. వెనక్కి తిప్పి చెప్తే, ట అనేది వి కి రెట్టింపుగా ఉన్న ప్రతి అయిదంకెల పాలిండ్రోమూ 101 గుణిజమే. అందుకే 1తో మొదలై నడుమ 2 ఉన్నది ఒక్కటీ ప్రధానం కాదు. 3తో మొదలై నడుమ 6 ఉన్నదీ కాదు. 7, 9 లకు రెట్టింపు ఒక్క అంకెలో ఇమడదు కాబట్టి ఆ వరసల్లో ఈ బెడద లేదు.

చార్టు ఇలా గీయించండి. 10 × 10 గళ్ళు, నిలువున క 0 నుంచి 9 దాకా, అడ్డంగా ట 0 నుంచి 9 దాకా. మొదటి అంకెకు ఒకటి చొప్పున నాలుగు చార్టులు. వి = 1 చార్టులో 3 కొట్టేసే గళ్ళు మొదటి అడ్డవరసలో 1, 4, 7; రెండో వరసలో 2, 5, 8; మూడో వరసలో 0, 3, 6, 9. కిందికి దిగేకొద్దీ కుడికి జరిగే ఏటవాలు చారలు, మొత్తం 33 గళ్ళు. 7 కొట్టేసేవి క + ట మొత్తం 1, 8, 15 అయ్యే గళ్ళు. ఇవి ఎదురు దిక్కులో వాలిన చారలు, 15 గళ్ళు. 13 కొట్టేసేవి మొత్తం 1, 14 అయ్యేవి, 7 గళ్ళు. 11 కొట్టేసేవి చదరంగంలో గుర్రం ఎత్తులా నడుస్తాయి: ఒక వరస కిందికి, రెండు గళ్ళు కుడికి. మొదటి వరసలో 9, రెండో వరసలో 0, తర్వాత 2, 4, 6, 8; క = 6 వరసలో ఏదీ లేదు, ఆ తర్వాత 1, 3, 5. ఇవి 9 గళ్ళు. 101 కొట్టేసేది ట = 2 నిలువువరస మొత్తం, 10 గళ్ళు. ఒక గడికి రెండు మూడు రంగులు పడచ్చు, పడనివ్వండి.

అంతా అయ్యాక 100 గళ్ళలో 45 తెల్లగా మిగలాలి. అంతకంటే ఎక్కువగానో తక్కువగానో వస్తే ఎక్కడో గీత తప్పింది. తప్పు సాధారణంగా 11 దగ్గర ఉంటుంది, గుర్రం అంచు దాటేటప్పుడు 10ని గడిగా లెక్కపెట్టేస్తారు. ఆ 45లో ప్రధాన సంఖ్యలు 26. మిగతా 19 పెద్ద కారణాంకాలతో దాక్కున్నవి. 17తో పోయేవి నాలుగు: 11611, 12121, 18581, 19091. 19తో పోయేవి మూడు: 12521, 14041, 15751. మిగిలిన 12 మరీ మొండివి: 10001 = 73 × 137, 11111 = 41 × 271, 14141 = 79 × 179, 15151 = 109 × 139, 18881 = 79 × 239 లాంటివి. పిల్లలకు వీటిని పోటీగా ఇవ్వచ్చు. 15151 దగ్గరే ఎక్కువమంది ఆగిపోతారు, 100 దాకా భాగించి వదిలేస్తారు కాబట్టి. నిజానికి దాని వర్గమూలం 123 దాకా చూడాలి. అయిదంకెలన్నిటికీ కలిపి 316 దాకా ఉన్న 65 ప్రధాన సంఖ్యలతో భాగిస్తే చాలు.

చార్టులో క = 6 వరస మీద వేలు పెట్టి చూపించండి. అక్కడ మిగిలిన నాలుగు తెల్లగళ్ళూ ప్రధానాలే: 16061, 16361, 16561, 16661. దీని వెనక రహస్యం ఏదో ఉందని పిల్లలు ఎగురుతారు. ఏమీ లేదు. ఇంత చిన్న చార్టులో ఏదో ఒక వరసకు అలా కలిసిరావడం మామూలే.

మిగతా మూడు చార్టులకు 7 చారల మొత్తాలు: వి = 3 కి 3, 10, 17; వి = 7 కి 0, 7, 14; వి = 9 కి 2, 9, 16. 13 చారల మొత్తాలు: వి = 3 కి 3, 16; వి = 7 కి 7; వి = 9 కి 9. 101 నిలువువరస వి = 3 చార్టులో ట = 6 దగ్గర పడుతుంది. చివరికి ప్రధానాలు 1 తో 26, 3 తో 24, 7 తో 24, 9 తో 19, మొత్తం 93. లెక్క సరిపోయిందో లేదో దీనితో చూసుకోండి.

ఏడంకెలకు అయిదంకెల సూత్రం వాడకండి, అది అక్కడ పనిచేయదు. బరువులు మారతాయి కాబట్టి సూత్రమూ మారుతుంది. 1000001, 100010, 10100, 1000 లను 91తో భాగిస్తే శేషాలు +2, +1, −1, −1. అంటే మొదటి అంకెకు రెట్టింపు, దానికి రెండో అంకె కలిపి, మూడోదీ నడిమిదీ తీసేయాలి. వచ్చినదాన్ని 7 భాగిస్తే 7, 13 భాగిస్తే 13. 1002001లో 2 + 0 − 0 − 2 = 0, ఆ సంఖ్య 1001 వర్గం. 3372733లో 6 + 3 − 7 − 2 = 0, అదీ పోయింది. 1003001లో −1 వస్తుంది, అది గట్టెక్కి ప్రధానం అయింది కూడా.

పాలిండ్రోమ్‌లలో ప్రధానాలు మామూలు సంఖ్యల్లోకంటే ఎక్కువా తక్కువా అన్నది మీరు అడగలేదు గానీ, ప్రదర్శనకు వచ్చినవాళ్ళు తప్పకుండా అడుగుతారు. అయిదంకెల్లో 1, 3, 7, 9తో మొదలయ్యే పాలిండ్రోమ్‌లు 400, ప్రధానాలు 93, అంటే నూటికి 23.25. 1, 3, 7, 9తో ముగిసే మామూలు అయిదంకెల సంఖ్యలు 36,000, వాటిలో ప్రధానాలు 8,363, నూటికి 23.23. ఏడంకెల్లో 4,000కి 668, నూటికి 16.7; మామూలువి 16.3. తొమ్మిదంకెల్లో 40,000కి 5,172, నూటికి 12.9, మామూలువి 12.5. చివరి అంకె అడ్డంకి దాటాక పాలిండ్రోమ్ కావడం వల్ల ప్రత్యేక లాభమూ లేదు, పెద్ద నష్టమూ లేదు. అంకెలు పెరిగేకొద్దీ వంతు పలచబడుతుంది. దాదాపు అన్ని పాలిండ్రోమ్‌లూ సంయుక్త సంఖ్యలేనని బ్యాంక్స్, హార్ట్, సకాటా 2004లో నిరూపించారు. పాలిండ్రోమ్ ప్రధానాలు అనంతంగా ఉన్నాయా అన్నది మాత్రం ఇప్పటికీ ఎవరూ తేల్చలేదు. చార్టు మీద ‘అనంతం’ అని రాయనివ్వకండి.

కంటికి ఇంపైన అచ్చులు కొన్ని ఉన్నాయి, వాటికీ కారణం కొట్టివేతలోనే ఉంది. 13331, 15551, 16661, 19991, 72227, 75557, 76667, 78887, 79997 చూడండి. చివరలు ఒకటే, నడుమ మూడూ ఒకటే. ఈ అచ్చులో 3తో, 9తో మొదలయ్యేవి ఎందుకు లేవు? నడిమి మూడు అంకెల మొత్తం ఎప్పుడూ 3 గుణిజం. చివరలు కూడా 3 లేదా 9 అయితే మొత్తం 3తో పోతుంది. 1, 7 చివరలకు అదే గుణం కవచంలా పనిచేస్తుంది, 3 వాటిని ఎప్పటికీ తాకలేదు. ఊయలలా ఊగేవి మరికొన్ని: 18181, 32323, 35353, 72727, 74747, 78787, 94949, 95959. అయిదంకెల్లో ఇవే ఎనిమిది. మెట్లెక్కి దిగేవి, అంటే 121, 12321, 1234321, పొరపాటున కూడా ప్రధానాలు కావు. అవి 11, 111, 1111 ల వర్గాలు.

అన్నీ ఒకట్లే ఉన్నవాటిలో ఒకట్ల లెక్క సంయుక్తమైతే సంఖ్య కూడా సంయుక్తమే. ఆరు ఒకట్లున్న 111111లో 11 దూరుతుంది, 111 కూడా దూరుతుంది. ఒకట్ల లెక్క ప్రధానమైనంత మాత్రాన సరిపోదు: 111 = 3 × 37, 1111111 = 239 × 4649. ఒకట్లు 2, 19, 23, 317, 1031 ఉన్నప్పుడు ప్రధానం అవుతుంది. 1031 ఒకట్ల దాన్ని 1986లో విలియమ్స్, డబ్నర్ నిరూపించారు. పిల్లలకు నచ్చే మరోటి: 1, పదమూడు సున్నాలు, 666, మళ్ళీ పదమూడు సున్నాలు, 1. ఈ 31 అంకెల సంఖ్య ప్రధానమే. సున్నాలు మాత్రమే ఉండి నడుమ ఏమీ లేని 1000…0001 తరహా ఆశలు పెట్టుకోకండి. 101 తర్వాత 10001 = 73 × 137, 100000001 = 17 × 5882353.

పెద్ద రికార్డులన్నీ 9లతో నిండి ఉండటానికి కారణం అందం కాదు, వీలు. 2021లో ర్యాన్ ప్రాపర్, సెర్గే బటలోవ్ పట్టుకున్న 18,88,529 అంకెల సంఖ్యలో అన్నీ 9లే, నడిమధ్య ఒక్క 8. 2024లో వాళ్ళే పట్టుకున్న దానిలో 27,18,281 అంకెలు, రెండు చోట్ల 4, మిగతావన్నీ 9. అంకెల లెక్కను e అనే గణిత స్థిరాంకం విలువ 2.718281 చూసి ఎంచుకున్నారని ఇట్టే తెలుస్తుంది. ఇలాంటి సంఖ్యకు 1 కలిపితే తోకలోని 9లన్నీ సున్నాలై పోతాయి. అంటే కలిపిన సంఖ్యలో 2, 5 ఎన్నిసార్లున్నాయో ముందే తెలుసు. ఒకటి కలిపిన సంఖ్య కారణాంకాల్లో మూడో వంతుకు మించి తెలిస్తే అసలు సంఖ్య ప్రధానమని నిరూపించే పరీక్షలున్నాయి. రెండో రికార్డులో తోక 9లు 10,87,142, అంటే మూడో వంతుకు పైనే. యాదృచ్ఛికంగా ఏరిన పాలిండ్రోమ్‌కు ఈ సౌకర్యం ఉండదు, అంత పెద్దదాన్ని ఎవరూ నిరూపించలేరు.

ఈ వరసలన్నీ పదుల పద్ధతి పెట్టిన భిక్షే అని పై తరగతి పిల్లలకు చెప్పచ్చు. రెండుల పద్ధతిలో రాస్తే 31 అంటే 11111, 17 అంటే 10001. 2024 అక్టోబరులో ప్రకటించిన, అప్పటికి తెలిసిన వాటిలో అతి పెద్ద ప్రధాన సంఖ్య, అంటే రెండును 13,62,79,841 సార్లు గుణించి ఒకటి తీసేసినది, ఆ పద్ధతిలో అన్నీ ఒకట్లున్న పాలిండ్రోమే.

ఇక ప్రోగ్రాం. మీ కుర్రాడు వంద కోట్ల దాకా ప్రతి సంఖ్యా ప్రధానమా అని చూసి, ఆ తర్వాత తిప్పి చూస్తున్నాడని మీరు పంపిన వివరణ బట్టి అర్థమవుతోంది. తొమ్మిదంకెల ప్రధానాలే 4,50,86,079 ఉన్నాయి, వాటిలో పాలిండ్రోమ్‌లు 5,172. గడ్డివాము మొత్తం తిరగేసి సూది వెతకడమే అది. ముందు పాలిండ్రోమ్‌ను తయారుచేసి, ఆ తర్వాతే ప్రధానమా అని అడగాలి. తొమ్మిదంకెలకు మొదటి సగం అంటే అయిదంకెలు, 10000 నుంచి 99999 దాకా, వాటిలో 1, 3, 7, 9తో మొదలయ్యేవే. అవి 40,000. ఒక్కో దాన్ని స్ట్రింగ్‌గా మార్చి, చివరి అక్షరం వదిలేసి మిగతా నాలుగింటినీ తిప్పి వెనక అతికించి, మళ్ళీ పూర్ణాంకం చేయాలి. భాగించి చూడటానికైనా 31,622 దాకా ఉన్న 3,401 ప్రధాన సంఖ్యలను ఒకసారి తయారుచేసి పెట్టుకుంటే చాలు.

చివరి అక్షరం వదలకుండా మొత్తం తిప్పి అతికిస్తే నడిమి అంకె రెండుసార్లు పడి అన్నీ సరి అంకెల సంఖ్యలవుతాయి. జాబితాలో 11 ఒక్కటే వస్తే తప్పు ఇదేనని వెంటనే గుర్తుపట్టచ్చు. వెయ్యిలోపు లెక్క 20 రావాలి. 17 వస్తే 2, 5, 11 జారిపోయాయి, ఆ మూడింటినీ చేత్తో కలపండి. 18 వస్తే ఆ మూడూ జారిపోవడమే కాక 1ని కూడా ప్రధానంగా లెక్కేశారు. లక్ష లోపు 113, కోటి లోపు 781, వంద కోట్ల లోపు 5,953 రావాలి. ఈ నాలుగూ సరిపోతే ప్రోగ్రాం బాగున్నట్టే.

ఇంకా వేగం కావాలంటే మిల్లర్–రాబిన్ పరీక్ష పెట్టమనండి, అంటే కారణాంకాలు వెతక్కుండానే ప్రధానమా కాదా అని చూసే పద్ధతి. 2, 3, 5, 7 ఆధారాలతో చేస్తే 3,21,50,31,751 కంటే చిన్న సంఖ్యలన్నిటికీ అది తిరుగులేనిది, మీ తొమ్మిదంకెలకు ఎక్కువే. దానికంటే సాదాదైన ఉత్త ఫెర్మా పరీక్షతో సరిపెట్టకండి. 101101 = 7 × 11 × 13 × 101, అది పాలిండ్రోమ్ కూడా, కానీ తన కారణాంకాలతో సంబంధం లేని ఏ ఆధారంతో పరీక్షించినా ఫెర్మా దాన్ని ప్రధానమనే చెబుతుంది.

జాబితాను ఎక్సెల్‌లోకి తెచ్చేటప్పుడు జాగ్రత్త. అది 15 అంకెల దాకానే నిజం చెబుతుంది, పదహారో అంకె నుంచి సున్నాలు పెట్టేస్తుంది. పదిహేడంకెల పాలిండ్రోమ్ అతికిస్తే తోక తెగి 00తో ముగుస్తుంది. అతికించకముందే ఆ గడిని టెక్స్ట్‌గా మార్చాలి. అతికించాక మారిస్తే పోయిన అంకెలు తిరిగి రావు.